కాకిబంగారం

తాసిల్దారాఫీసు ఇచ్చిన కాయితంలో పదకొండు గళ్ళు.
కట్టడం పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు…
తొమ్మిదో గడి: ప్రస్తుత స్థితి.
రెండంటే రెండు మాటలు పట్టే చోటు.

సైదాపురం దాటినాక
తెల్లరాయి లారీలు తొక్కి తొక్కి
ముగ్గుపిండి చేసిన దారి.
స్కూటీ దిగి నెట్టుకుంటూ వచ్చాను.
గేటు లేదు. గేటు స్తంభాలున్నాయి.
ఒకదాని మీద ఎవరో తువ్వాలు ఆరేసి
మరిచిపోయి చాన్నాళ్ళయినట్టుంది.

ఊరు దీన్ని హార్లో దొర బంగళా అంటుంది.
పాత పటంలో మేనేజరు నివాసం.
మా అవ్వ చెంగమ్మ మాత్రం
ఎప్పుడూ రేకల వసారా అనే అనేది.
తనను అడుగు పెట్టనియ్యని గదులకు
ఆమె పేరు పెట్టలేదు.

ఆ వెనక వసారాలో
ముప్పై మంది ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని
చిన్న కత్తులతో అభ్రకం పొరలు విప్పేవాళ్ళు.
ఉల్లిపొరకన్నా పలచగా రావాల.
చిరిగితే అణా కోత.
రేకుని దొర ఎండకు పట్టి చూస్తాడు.
మచ్చ లేకుంటే ఓడెక్కుతుంది,
ఉంటే గుట్టలో పడుతుంది.
ఏదో యుద్ధంలో ఏవో రేడియోల కడుపులోకి
తన చేతి రేకులు పోయాయని
చివరిదాకా ఆమెకు ఎవరూ చెప్పలేదు.
ఆమెకు తెలిసిందల్లా
రాత్రి పాలిచ్చేటప్పుడు
మా అమ్మ బుగ్గ మెరిసేదని.
తర్వాత, దగ్గు.

కూలిపోవాలనే అనుకుంటూ వచ్చాను. అది నిజం.
తీరా చూస్తే అందంగా ఉంది.
నాకు అదే మంట.
టేకు దూలాలు ఇప్పటికీ చెదలకు లొంగలేదు.
పంకా కొక్కేనికి ఎవరిదో ఉయ్యాల తాడు ముక్క.
రోళ్ళు పగిలే రోహిణికార్తె ఊళ్ళో
దొర చలిమంట గూడు కట్టించుకున్నాడు!
అందులో ఇప్పుడు జిలానీబీ కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.
సున్నంలో ఏ తాపీమేస్త్రి కలిపాడో
ఇంత రేకపొడి,
నాలుగింటి ఎండ తగలగానే
పడమటి గోడ ఒళ్ళంతా చేపపొలుసు.

కంపెనీ పోయినాక
కొన్నాళ్ళు రిజిస్ట్రారాఫీసు, కొన్నాళ్ళు హాస్టలు.
తుపానేడాది నాలుగూళ్ళ జనం
దొర భోజనాల గదిలో గంజి కాచుకున్నారు.
తలుపు మీద ఇంకా పోలింగు బూతు నంబరు,
దానికింద బాణం గుర్తు,
ఆ బాణం చూపేవైపు ఇప్పుడు గోడే లేదు.

మద్రాసులో వారసులు కోర్టులో ఉన్నారు,
ఎవరి మీద ఎవరో వాళ్ళకే తికమక.
నెల్లూరు హోటలాయన వచ్చి ఫోటోలు తీసుకుని
వసారాలో కాఫీ బల్లలేస్తానన్నాడంట.
క్వారీ మనిషి మాత్రం ఏమీ అనలేదు.
చెప్పుతో నేల రెండుసార్లు తట్టి
నవ్వి వెళ్ళిపోయాడు.
ఇంటి కింద తెల్లరాయి పట్టీ ఉందని
ఆ నవ్వు చూసే ఊరికి తెలిసింది.

జిలానీబీకి ఈ బంగళాలో కాయితం ముక్క లేదు.
ఆమె మొగుడు వాచ్‌మన్.
జీతం ఆగి ఇరవై రెండేళ్ళు,
మనిషి పోయి తొమ్మిదేళ్ళు,
కాపలా ఆగలేదు.
"ఏందేందో రాస్తా ఉండావు గానీ తల్లీ,
మేకల్ని యాడికి తోలుకోవాల్నో
అది గూడా అందులో రాయి."

దానికి గడి లేదు.

వంగి రాస్తుంటే దారిలో లారీ పోయింది.
పైనుంచి ఇంత సున్నం రాలి
కాయితం మీద పడింది, మెరుస్తూ.
ఊదబోయి, ఊరుకున్నాను.
'శిథిలావస్థ' అని రాస్తే ఒక్క మాటతో సరిపోయేది.
నా చెయ్యి రాసింది:
మనిషి ఉంది.

తిరిగొస్తుంది ఆ కాయితం, నాకు తెలుసు,
ఎర్రసిరా గీతతో, సోమవారం లోపల.
అప్పుడేం రాస్తానో
ఇప్పుడైతే తెలీదు.
జిలానీబీ చలిమంట గూట్లో చెయ్యి పెట్టి
రెండు గుడ్లు తీసి
నా స్కూటీ డిక్కీలో పెట్టింది.